వనస్నానం – ఆరణ్యక విహారం



ఇటీవల మన ట్రస్టు కార్యాలయానికి వచ్చే భక్తులలో కొందరు, ముఖ్యంగా ఉద్యోగాలలో ఉన్న యువతీయువకులు, ఒక ప్రశ్న వేస్తున్నారు. 'ఫారెస్ట్ బాతింగ్' అనే పేరుతో అడవులలో నెమ్మదిగా నడిపించే కార్యక్రమాలు వచ్చాయి కదా, వాటికి వెళ్ళవచ్చునా, అది మన సంప్రదాయానికి సమ్మతమేనా, లేక విదేశాల నుంచి దిగుమతి అయిన వేలంవెర్రియా అని. కూర్మన్నపాలెంలో మా ఇంటికి ముహూర్తాల కోసం వచ్చేవారు సైతం పని ముగిశాక ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటె పత్రికాముఖంగా చెప్పడం మేలని సంపాదకులు సూచించారు. కార్తిక వనభోజనాల కాలం సమీపిస్తున్నది గనుక సమయమూ తగినదే.

ముందు మాట పుట్టుక చూద్దాం. జపాను దేశపు అటవీశాఖకు అధిపతిగా ఉన్న తొమొహిదె అకియామా 1982లో 'షిన్‌రిన్ యోకు' అనే పదాన్ని వాడుకలోకి తెచ్చారు. షిన్‌రిన్ అంటే అడవి, యోకు అంటే స్నానం. నగరవాసులను అడవులవైపు మళ్ళించడం, తద్వారా అడవులపై వారికి అభిమానం కలిగించడం ఆయన ఉద్దేశం. నగానో ప్రాంతంలో అకసావా అనే ప్రాచీనమైన అడవి ఈ పద్ధతికి పుట్టినిల్లని చెబుతారు. అక్కడ పెరిగేవి హినోకి వృక్షాలు. జపానువారు పరమపవిత్రంగా భావించే ఇసే దేవాలయాన్ని ఇరవై ఏళ్ళకొకసారి కొత్తగా నిర్మిస్తారు. దానికి కావలసిన దారువును ఆ కిసో లోయ అడవులనుంచే, పూజలు చేసి, తీసుకువెళతారు. మనం ధ్వజస్తంభానికి వృక్షాన్ని వెదకి, అర్చించి, తెచ్చినట్లే. కాబట్టి ఆ అడవికి ఆరోగ్యంతోపాటు దేవాలయ సంబంధమూ ఉన్నది. ఈ సంగతి మన పాఠకులకు రుచిస్తుందని వ్రాశాను.

స్నానమనగానే నీళ్ళు గుర్తుకు వచ్చేవారికి నీరులేని స్నానమేమిటని సందేహం కలగడం సహజం. ధర్మశాస్త్రం చదువుకున్నవారికి ఈ సందేహం రాదు. స్మృతికారులు స్నానాన్ని ఏడు విధాలుగా చెప్పారు. మంత్రపూర్వకంగా జలం ప్రోక్షించుకోవడం మాంత్రం. పవిత్రమైన మృత్తికను అలదుకోవడం భౌమం. భస్మధారణం ఆగ్నేయం. ఆవులమంద నడిచిపోతుండగా గిట్టల నుంచి లేచిన ధూళి గాలితో వచ్చి ఒంటిని తాకితే అది వాయవ్యం. ఎండ కాస్తుండగా కురిసే వానలో తడవడం దివ్యం. నీట మునగడం వారుణం. భగవంతుని స్మరించడం మానసం. ఏడింటిలో మునక వేయవలసినది ఒక్కటే. గాలి మోసుకొని వచ్చినదానితో దేహం శుద్ధి పొందుతుందన్న భావన వాయవ్యస్నానంలో ఉండనే ఉన్నది.

అయితే ఒక భేదం చెప్పక తప్పదు. శాస్త్రం విధించిన స్నానం కర్మార్హత కోసం. జపానువారు చెప్పే స్నానం ఆరోగ్యం కోసం. అడవికి వెళ్ళివచ్చాను గనుక ఇవాళ స్నానం లేకుండానే సంధ్య వార్చుకుంటానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక వైద్యశాస్త్రం ఏమంటున్నదో సంగ్రహంగా చెబుతాను. చెట్లు పురుగుల నుంచి, సూక్ష్మక్రిముల నుంచి తమను కాపాడుకొనడానికి కొన్ని సువాసనగల ద్రవ్యాలను గాలిలోకి విడుస్తాయి. రష్యా శాస్త్రవేత్త బోరిస్ టోకిన్ వీటికి 'ఫైటన్‌సైడ్లు' అని పేరు పెట్టాడు. టోక్యోలోని నిప్పోన్ వైద్యవిద్యాలయానికి చెందిన డాక్టర్ చింగ్ లీ, 12 మంది ఉద్యోగులను మూడు పగళ్ళు, రెండు రాత్రులు అడవి ప్రాంతాలలో ఉంచి, తిప్పి, ముందూ వెనుకా రక్తపరీక్షలు చేశారు. రోగాలతో పోరాడే ఒక జాతి తెల్లకణాల చురుకుదనం వారిలో పెరిగిందని 2007లో ప్రకటించారు. ఆ తరువాతి పరిశీలనలలో ఈ ఫలితం కొందరిలో నెల రోజుల వరకు నిలిచిందని, చెట్లులేని నగరానికి విహారయాత్రగా వెళ్ళివచ్చినప్పుడు అది కనిపించలేదని వెల్లడించారు. ఇంతకు చాలా ముందే, 1984లో, అమెరికాలో రోజర్ ఉల్‌రిక్ అనే ఆచార్యుడు ఒక ఆసుపత్రి దస్త్రాలను పరిశీలించాడు. ఒకే విధమైన శస్త్రచికిత్స జరిగిన 46 మందిలో సగం మందికి కిటికీలోనుంచి చెట్లు కనిపించేవి, తక్కిన సగం మందికి ఇటుకగోడ. చెట్లు కనిపించినవారు కొంత ముందుగా ఇంటికి వెళ్ళారు, నొప్పి తగ్గించే గట్టి మందులు తక్కువగా తీసుకున్నారు.

ఇవి ఆసక్తికరమైన విషయాలే. కాని 12 మంది అంటే ఒక పంక్తి భోజనానికి కూర్చునేంత మంది. అంతటితో అడవి సర్వరోగ నివారిణి అనరాదు. రక్తపోటుకో మధుమేహానికో మందులు వాడేవారు వనవిహారం మొదలుపెట్టామని మాత్రలు మానుకోకూడదు. మరొకటి. ఈ ఫైటన్‌సైడ్ల సంగతి తెలియగానే, హోమధూమానికీ ఇదే ఫలమని ప్రకటించే ఉత్సాహవంతులు మనలో ఉన్నారు. నేను అలా చెప్పను. పరిమళం వేరు, పొగ వేరు. హోమం చేయడానికి మనకున్న కారణం వేరు, దానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు మన వాఙ్మయానికి వద్దాం. వేదంలో ఆరణ్యకములనే భాగమున్నదని అందరికీ తెలిసినదే. ఊరికి దూరంగా, అడవిలో అధ్యయనం చేయదగినవి గనుక వాటికి ఆ పేరు. కాని 'ఆరణ్యక' శబ్దంలో ఒక విశేషమున్నది. పాణిని మహర్షి అరణ్యశబ్దానికి ప్రత్యయం చేర్చి ఈ పదాన్ని మనుష్యుడనే అర్థంలో సాధించాడు, అడవిలో ఉండే మనిషి ఆరణ్యకుడు. తరువాత వార్తికకారుడైన కాత్యాయనుడు, మనుష్యుడొక్కడే చాలడు, ఇంకా కొన్నింటిని చేర్చాలని చెప్పాడు. ఆయన చేర్చినవి: మార్గం, అధ్యాయం, న్యాయం, విహారం, ఏనుగు. వ్యాకరణంలో ఇటువంటి పట్టికలు ఊరికే తయారుకావు. లోకంలో ఆ మాట వినబడుతున్నది గనుకనే దానికి లక్షణం చెప్పవలసి వచ్చింది. అంటే కాత్యాయనుని నాటికి, రెండువేల ఏళ్ళకు పూర్వమే, అడవిలో చేసే విహారానికి ఒక ప్రత్యేకమైన పేరున్నది. ఆరణ్యక విహారం. 'ఫారెస్ట్ బాతింగ్‌'కు తెలుగు మాట ఏమిటని అడిగేవారికి నేను ఇదే చెబుతున్నాను.

అయితే అడవి వేరు, తోట వేరు. ఈ వివేచన అమరసింహుడు బాగా చేశాడు. అమరకోశం రెండవ కాండంలోని వనౌషధివర్గంలో అటవి, అరణ్యం, విపినం, గహనం, కాననం, వనం అని అడవికి పేర్లు చెప్పి, వెంటనే, ఇంటి పెరటి తోట నిష్కుటం, మనిషి నాటి పెంచినది ఆరామం లేక ఉపవనం, రాజుగారి తోట ఆక్రీడం, అంతఃపురపుది ప్రమదవనం అని విడదీశాడు. బీచి రోడ్డు ప్రక్కన పూలకుండీల మధ్య నడిచి 'వనస్నానం చేశాం' అనేవారు ఈ వర్గాన్ని ఒకసారి చూడాలి. ఉపవనవిహారమూ మంచిదే, కాని దాని పేరు దానిది.

ఆ వర్గం మాకు చెప్పిన పద్ధతి ఇక్కడ ప్రస్తావించాలి. మా పాఠశాలలో అమరం వల్లె వేయించేవారు. వనౌషధివర్గం మొదలుకాగానే గురువుగారు పలకలు లోపల పెట్టించి, మమ్మల్ని ఊరి బయటి తోపులోకి తీసుకొనివెళ్ళేవారు. ఒక్కొక్క చెట్టు దగ్గర నిలబెట్టి, బెరడును తాకించి, ఆకు నలిపి వాసన చూపించి, అప్పుడు దాని పర్యాయపదాలు చెప్పించేవారు. అశ్వత్థానికి చలదళమని ఎందుకు పేరో రావిచెట్టు క్రింద నిలబడి పైకి చూస్తే ఎవరూ వివరించనక్కరలేదు, గాలిలేని వేళ కూడా ఆకు కదులుతూ ఉంటుంది. మారేడు ముల్లు గుచ్చుకున్నవాడికి బిల్వం జన్మలో మరపు రాదు. ఆనాడు మేము రోజుకు నాలుగైదు చెట్లకు మించి ముందుకు సాగేవాళ్ళం కాము. నేడు 'గైడు' అనే వ్యక్తి చేసే పనికీ, ఆయన చేసిన పనికీ పెద్ద తేడా నాకు కనిపించదు.

గైడు అవసరమా అని కొందరికి సందేహం. అడవిలో నడవడానికి మధ్యవర్తి ఎందుకు, రుసుము ఎందుకు అంటారు. శ్రీమద్రామాయణాన్ని ఈ దృష్టితో చదవండి. బాలకాండలో విశ్వామిత్రుని వెంట నడుస్తున్న రాముడు అడుగడుగునా ప్రశ్నిస్తాడు. ఈ ఆశ్రమం ఎవరిది, ఈ నీటి హోరు ఎక్కడిది, ఇంత ఘోరమైన ఈ అడవి ఎవరిది అని. మహర్షి నిలిచి, ప్రతిదానికీ కథ చెబుతాడు. ఆ కథలు వింటూ నడిచినవాడే అయోధ్యాకాండకు వచ్చేసరికి తాను చెప్పేవాడు అయ్యాడు. యమున దాటిన తరువాత సీతమ్మవారు తాను ఇంతకుముందు ఎన్నడూ చూడని ప్రతి చెట్టును, పొదను, పూదీగను చూపి ఇదేమిటి, అదేమిటి అని రాముణ్ణి అడుగుతుంది. లక్ష్మణస్వామి ఆమె కోరిన పువ్వులు కోసి తెచ్చి ఇస్తాడు. రాజ్యం పోయిందన్న దిగులు, ముందున్న పదునాలుగేళ్ళ భారం, అన్నీ ఉన్న వేళ అది. అయినా ఆమె చెట్ల పేర్లు అడుగుతున్నది! చిత్రకూటం చేరాక రాముడే స్వయంగా సీతకు ఆ కొండను చూపుతూ, ఈ సౌందర్యాన్ని చూస్తుంటే రాజ్యం పోయిన బాధ గాని, అయినవారు దూరమైన బాధ గాని నా మనస్సును పట్టడం లేదన్న భావంతో మాట్లాడతాడు. దుఃఖంలో ఉన్నవారికి అడవి ఏమి చేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటె ప్రమాణం అక్కరలేదు. చెప్పేవాడొకడు, అడిగేవాడొకడు ఉంటేనే ఆ నడక విహారమవుతుంది. లేకపోతే అది దారి దాటడం మాత్రమే.

ఈ విహారం ఎలా జరుగుతుందో ప్రత్యక్షంగా చూశాను గనుక కొంచెం వివరంగా వ్రాస్తాను. గత మార్గశిరంలో మా మనుమరాలు, "తాతగారూ, కంబాలకొండకు వెళుతున్నాం, మీరూ వస్తే బాగుంటుంది. పరుగులేమీ ఉండవు, మీ నడకే అక్కడ అందరి నడక" అన్నది. నాకు డెబ్బైనాలుగేళ్ళు. ఆ చివరి మాట నన్ను ఒప్పించింది. స్టీల్ సిటీ డిపో దగ్గర తెల్లవారకముందే బయలుదేరి, నగరం దాటి, జాతీయ రహదారిపై జంతుప్రదర్శనశాలకు ఎదురుగా దిగాము. కంబాలకొండ అభయారణ్యం ఒకప్పుడు విజయనగర సంస్థాన ప్రభువుల ఆధీనంలో ఉండేది. 1970 నుంచి అటవీశాఖ క్రింద ఉన్నది. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. లారీలు, బస్సులు హోరెత్తే రహదారికి పక్కనే చిరుతపులి తిరిగే అడవి ఉన్నదంటే కొత్తవారు నమ్మరు.

మేము పన్నెండుగురం. మమ్మల్ని నడిపించినది కొండ దగ్గరి గ్రామానికి చెందిన యువకుడు. మొదట అందరి ఫోన్లూ ఆపించి సంచులలో పెట్టించాడు. అది చూసి నాకు అరణ్యకాండలో సీతమ్మ చెప్పిన ఒక కథ గుర్తుకు వచ్చింది. తపస్సు చేసుకునే ఒక మునివద్ద ఇంద్రుడు ఒక కత్తిని దాచమని ఉంచి వెళతాడు. ముని దానిని పోగొట్టరాదని ఎక్కడికి వెళ్ళినా, పండ్లకు వెళ్ళినా దుంపలకు వెళ్ళినా, వెంట తీసుకువెళతాడు. చివరికి చేతిలో ఉన్న వస్తువు మనస్సును మార్చివేస్తుంది, తపస్సు పోతుంది. ఆయుధం పట్టి అడవిలో తిరగవద్దని రాముణ్ణి హెచ్చరిస్తూ ఆమె చెప్పిన కథ ఇది. చేతిలో ఫోను ఉన్నవాడు అడవిని చూడడు, ఫోటోను చూస్తాడు.

నడక మొదలైంది. నడక అనడం కూడా ఎక్కువే. పది అడుగులు, ఆగడం, మళ్ళీ పది అడుగులు. కదులుతున్నవి ఏవేవి ఉన్నాయో చూడమన్నాడు. మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఆకు, ఆకుమీది చీమ, చీమనోటిలోని రెక్క, సాలెపట్టుపై మంచుబొట్టు, వెదురుపొదలో ఏదో పిట్ట. తరువాత కళ్ళు మూసుకొని వినమన్నాడు. రహదారి హోరు ఎంతసేపటికి వినబడడం మానేస్తుందో గమనించమన్నాడు. ఆ హోరు తగ్గలేదు గాని, దానిమీద మరొక పొర లేచింది. జెముడుకాకి కూత, ఎండుటాకులలో తొండ పరుగు. ఆపైన ఎవరికి నచ్చిన చెట్టు క్రింద వారు ఇరవై నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. నేనొక నేరేడు క్రింద కూర్చొని నాకు అలవాటైన జపం చేసుకున్నాను. చేయవచ్చునా అని అడిగితే ఆ యువకుడు, "మీకేది శాంతిగా ఉంటే అది చేయండి, పంతులుగారూ" అన్నాడు. దాదాపు మూడు గంటలు గడిచాయి, నడిచినది రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. చివర అందరం గుండ్రంగా కూర్చొని తలకొక మాట చెప్పుకొని, శొంఠి వేసిన పానీయం త్రాగాము. మాతో వచ్చిన ఒక తల్లి, ఏడాది క్రితం భర్తను పోగొట్టుకున్నవారు, తన వంతు వచ్చినప్పుడు ఏమీ చెప్పలేదు. "ఇవాళ నిద్ర పడుతుందేమో" అని మాత్రం అన్నారు.

అన్ని కార్యక్రమాలూ ఇలా ఉంటాయని చెప్పలేను. మరొకచోట, పేరు అనవసరం, మైకు పెట్టి, సినిమా పాటలు వేసి, దానినే వనస్నానమన్నారు. దానికి రుసుము మూడింతలు. నడిపించేవాడు ఆ అడవి ఎరిగినవాడేనా, మందిని ఇరవైకి మించకుండా చూస్తున్నాడా, మౌనం పాటిస్తారా అని ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అప్పన్న సన్నిధికి వద్దాం. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, లక్షలాది భక్తులు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు. ఈ వ్యాసం చదివేవారిలోనూ చాలామంది చేసి ఉంటారు. ఆ దారిలోని ఊళ్ళ పేర్లు ఒకసారి తలచుకోండి. కొండ పాదాన అడవివరం, ఊరి పేరులోనే అడవి ఉన్నది. తరువాత హనుమంతవాక. వాక అంటే ఏరు. ఆపైన కొండకు దక్షిణంగా సీతమ్మధార, మాధవధార. కొండపైన స్వామి చెంత గంగధార. ఇన్ని ధారలు, వాకలు ఒకే కొండవరుసనుంచి దిగాయి. ఈ పేర్లు పెట్టినవారు కవులు కారు, నీటికోసం కడవలతో వెళ్ళిన సామాన్యులు. నేడు సీతమ్మధార అనగానే కళ్ళముందు నిలిచేవి బహుళ అంతస్తుల భవనాలు.

ధారకు అడవికి సంబంధమేమిటంటారా? సింహగిరి రాయి ఖొండలైట్ అనే జాతిది. పగుళ్ళు, సందులు ఎక్కువ. వాన కొండమీద పడినప్పుడు చెట్టు ఆకు ముందు దాని వేగాన్ని అణుస్తుంది, రాలిన ఆకుల మెత్త దానిని పీలుస్తుంది, వేళ్ళు దానికి దారిచూపి పగుళ్ళలోకి పంపుతాయి. ఆ నీరు నెలల తరబడి లోపల నడిచి, చుక్కచుక్కగా ధారయై బయటకు వస్తుంది. చెట్టు లేకపోతే అదే వాన గంటలో రోడ్డుమీదకు వచ్చి, కాలువలు పొంగించి, సముద్రంలో కలుస్తుంది. వేసవికి ధార ఉండదు. ఏటా చందనోత్సవం తరువాత స్వామివారికి వేయి కలశాలతో జరిగే సహస్రఘటాభిషేకానికి జలం గంగధార నుంచే రావాలి. అంటే ఆ కొండమీది ప్రతి చెట్టూ స్వామి కైంకర్యంలో ఉన్నదే. గిరిప్రదక్షిణలో మనం ప్రదక్షిణ చేసేది స్వామికి మాత్రమే కాదు, ఆ అడవికి, ఆ నీటికి కూడా. మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాను ఆ కొండ పాదాన పారవేసి రావడం, గర్భాలయంలో పారవేసి రావడం కంటె ఎందులో తక్కువో నాకు తెలియదు. ఎండాకాలంలో కొండ గడ్డికి చుట్టముక్క వల్లనో వంటపొయ్యి వల్లనో నిప్పంటుకుంటే ఇక చెప్పేదేమున్నది? సింహగిరి సంపెంగల వాసన ఎరిగినవారు ఆలోచించండి.

మాధవధార వైపు నుంచి కొండమీదుగా సింహాచలం చేరే పాత మెట్లదారి ఒకటున్నది. ఆరణ్యక విహారం అనే మాటకు మన ప్రాంతంలో ఇంతకంటె తగిన త్రోవ లేదని నా అభిప్రాయం. ఒంటరిగా మాత్రం వద్దు. దారి ఎరిగినవారితో, తెలిసినవారి గుంపుతో, ఎండ ఎక్కకముందే వెళ్ళాలి.

దాతలకొక మనవి. జన్మదినానికో, పెద్దల తిథికో మొక్కలు నాటించమని ట్రస్టుకు ద్రవ్యం పంపేవారు ఏటేటా పెరుగుతున్నారు, సంతోషం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో త్వరగా నీడనిస్తాయని పెంచిన తురాయి చెట్లు వేళ్ళతో సహా పెకలి పడ్డాయి. వేప, చింత కొమ్మలన్నీ పోగొట్టుకొని మోడులై నిలిచి, మరుసటి ఏడు చిగిర్చాయి. అందుచేత నాటించదలచినవారు అందానికో తొందరకో గాక, ఈ నేలకు అలవాటైన వృక్షాలనే కోరండి. పురాణోక్తమైన పంచవటి ఉన్నది. తూర్పున రావి, ఉత్తరాన మారేడు, పడమట మర్రి, దక్షిణాన ఉసిరి, ఆగ్నేయాన అశోకం. ఇక్కడ అశోకమంటే ఎర్రని పూలగుత్తులు పూసే అసలైన అశోకమే. గోడవెంట నిటారుగా పెంచే, జనం అశోకమని పిలిచే చెట్టు వేరు. మర్రి, రావి గోడకు దగ్గరగా పనికిరావు, స్థలం చూసుకోవాలి. మొక్క నాటే ఖర్చు తక్కువ. మూడు వేసవులు నీరు పోయించే ఖర్చే అసలైనది. దానం చేసేటప్పుడు ఆ మూడేళ్ళ నీటికి కూడా కలిపి ఇవ్వండి. నాటినవారి పేరు చెక్కిన ఫలకం కంటె నీళ్ళు పోసేవాడి జీతం ఆ మొక్కకు ఎక్కువ అవసరం.

కార్తిక వనభోజనం గురించి ఒక్కమాట. ధాత్రీవృక్షం క్రింద, అంటే ఉసిరిచెట్టు క్రింద, పూజచేసి భుజించమన్నారు పెద్దలు. ఈ కాలంలో ఫంక్షన్ హాలులో, కుండీలో గుచ్చిన ఉసిరికొమ్మ ప్రక్కన బల్లలు వేసుకొని కానిచ్చేస్తున్నారు. వయోవృద్ధులకు, రోగులకు అది సరే. తక్కినవారు ఈ ఏడాదైనా నిజమైన చెట్టు క్రిందకు వెళ్ళండి. వంట ఇంట్లోనే చేసుకొని, విస్తరాకులు పట్టుకొని, ఒక గంట ముందుగా వెళ్ళి పైన చెప్పినట్లు మౌనంగా కూర్చొని, ఆపైన భోజనం చేయండి. అభయారణ్యంలో నిప్పు పెట్టడం, అనుమతిలేని చోట్లకు పోవడం నేరం. కంబాలకొండలో సందర్శకులకు నిర్దేశించిన దారులున్నాయి, వాటిని దాటవద్దు. కాళ్ళకు పూర్తిగా కప్పే పాదరక్షలు, చేతిలో కర్ర, నీళ్ళు ఉండాలి. ఉబ్బసం ఉన్నవారు తమ మందు జేబులో పెట్టుకోవాలి, పూలు విరివిగా పూసే రోజులలో పుప్పొడి వారికి పడకపోవచ్చు.

అంతదూరం పోలేని పెద్దలు మా కూర్మన్నపాలెంలో చాలామంది ఉన్నారు. కూడలిలో ఉదయం ఆరు గంటలకే లారీల మోత, దుమ్ము. అటువంటివారికి నేను చెప్పేది, దగ్గరలో ఉన్న ఒక్క పెద్ద చెట్టును ఎంచుకొని రోజూ ఒకే వేళకు అక్కడ అరగంట కూర్చోమని. ఉక్కు కర్మాగారంవారు నగరం చుట్టూ పెంచిన చెట్ల వరుసలు మనకు అందుబాటులోనే ఉన్నాయి. చెట్టును కౌగిలించుకోవాలని ఈ కొత్త పద్ధతిలో కొందరు చెబుతారు. వేపనో, మామిడినో, నేరేడునో కౌగిలించుకోండి, తప్పులేదు. ఎర్రచీమలు లేవని మాత్రం ముందు చూసుకోండి. రావిచెట్టు విషయంలో మన పెద్దల నియమం వేరు. దానిని శనివారంనాడే తాకాలి, మిగిలిన రోజులలో ప్రదక్షిణ చేసి, నమస్కరించి, నీడన కూర్చోవాలి.